పిచ్చి, దేహం, ప్రతిరక్షణ: కర్నూలు, కడప ప్రాంతాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ ఆ శరీరం మీదనే దాడి చేయడం వల్ల కలిగే వ్యాధులను వైద్యులు ఆటోఇమ్యూన్ వ్యాధులు అంటారు. వీటికీ ఉన్మాద రుగ్మతలకూ సంబంధం ఉందని గత రెండు దశాబ్దాల పరిశోధనలు సూచిస్తున్నాయి. ఈ అంశాన్ని కర్నూలు, కడప ప్రాంతాల భాషతో, ఆహారంతో, వైద్యసంస్థల చరిత్రతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దేహవ్యాధి వేరు, పిచ్చి వేరు అనే విభజన ఈ ప్రాంతంలో ప్రధానంగా వలసపాలన నాటి చట్టాలు, సంస్థలు స్థిరపరచినదనీ, ‘పిచ్చి’ అనే మాట లక్షణాన్ని చెబుతుందే కాని కారణాన్ని చెప్పదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రాయలసీమ, ఉన్మాదం, ఆటోఇమ్యూన్ వ్యాధులు, కుక్కకాటు సూదిమందు, జొన్న, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

రాయలసీమ చరిత్రను కరువుల చరిత్రగా, పాలెగాళ్ల చరిత్రగా, నీటి చరిత్రగా రాసిన గ్రంథాలు తగినన్ని ఉన్నాయి. ఈ ప్రాంత ప్రజల రోగచరిత్ర మీద జరిగిన కృషి తక్కువ. అందులోనూ మానసిక రుగ్మతల ప్రస్తావన వచ్చినప్పుడు పరిశోధకులు సాధారణంగా దయ్యం, పూనకం, మంత్రం, మొక్కుబడి అనే జానపద విశ్వాసాల పరిధిలోనే ఆగిపోతారు. విశ్వాసాన్ని నమోదు చేయడం అవసరమే. అయితే ‘గాలి సోకింది’ అని ఊరు చెప్పుకున్న మనిషి దేహంలో అప్పుడు ఏం జరుగుతూ ఉండవచ్చు అనే ప్రశ్న కూడా చరిత్రకారునికి ఉండాలి. ఆ ప్రశ్నకు కొంత సమాధానం చెప్పగల స్థితికి వైద్యశాస్త్రం ఇటీవలే చేరుకుంది.

2. మాటలలో పిచ్చి

1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ అక్కడ బంగళా కొని, పండితులను చేరదీసి తెలుగు గ్రంథాల పరిష్కరణ చేయించిన సంగతి సుపరిచితం. 1852లో వెలువడిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో పిచ్చి, వెర్రి వంటి మాటలకు చోటు దక్కింది. వీటికి తోడు సీమ వాడుకలో ‘తిక్క’ బలమైన మాట. మొండితనానికీ, కోపానికీ, మతిభ్రమణానికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. ‘వెర్రిపుచ్చ’లో వెర్రి అంటే మనిషి సాగుచేయని అడవి రకం. ఈ మాటలన్నీ కట్టుతప్పిన స్థితిని సూచిస్తాయి. ఆ స్థితి ఎందుకు వచ్చిందో చెప్పవు.

ఇక్కడ రెండు వాడుకలు ప్రత్యేకంగా గమనించదగినవి. మొదటిది ‘గాలి’. సంప్రదాయ వైద్యుని నోట గాలి అంటే వాతం, దేహంలోని మూడు దోషాలలో ఒకటి. మంత్రగాని నోట గాలి అంటే బయటి నుంచి సోకే శక్తి. దేహానికీ, దేహానికి వెలుపలి దానికీ మధ్య ఈ మాట గీత గీయదు. రెండవది ‘పిచ్చికుక్క’. రేబిస్ వైరస్ మెదడును ఆక్రమించడం వల్ల వచ్చే వ్యాధికీ, మనిషి మనసుకు వచ్చే రుగ్మతకూ తెలుగులో పేరు ఒక్కటే. కుక్క విషయంలో పిచ్చి శారీరకమైనదని, అంటుకునేదని, ప్రాణాంతకమని పల్లెజనానికి బాగా తెలుసు. మనిషి విషయంలో మాత్రం అదే మాట కర్మతోనో, గ్రహంతోనో, కుటుంబ దోషంతోనో ముడిపడింది.

శాస్త్రగ్రంథాలలో కూడా ఈ విభజన అంత కచ్చితంగా లేదు. చరకసంహిత ఉన్మాదాన్ని ఐదు విధాలుగా చెప్పింది: వాతజం, పిత్తజం, కఫజం, సన్నిపాతజం, ఆగంతుజం. ఇందులో నాలుగు దేహదోషాల నుంచి పుట్టేవే. సుశ్రుతసంహిత ఆరు విధాలుగా విభజిస్తూ మనోదుఃఖాన్నీ విషాన్నీ కూడా కారణాలలో చేర్చింది. ఈ సిద్ధాంతం నేటి ప్రతిరక్షణ శాస్త్రానికి పూర్వరూపమని వాదించడం సరికాదు. రెండింటి ఆధారాలు వేరు, పరీక్షించే పద్ధతులు వేరు. ఉన్మాదాన్ని దేహవ్యాధుల వరుసలోనే పెట్టి ఆలోచించిన సంప్రదాయం మనకు ఉండేదన్నంత వరకే ఈ ఆధారం నిలుస్తుంది.

3. చట్టం గీసిన గీత

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించడంతో కడప ప్రాంతం మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. నవాబుల పాలనలో ఉన్న కర్నూలును కంపెనీ 1839లో స్వాధీనం చేసుకుంది. 1858లో వచ్చిన చట్టం మతితప్పిన వారిని నిర్బంధ కేంద్రాలకు పంపే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇచ్చింది. దాని స్థానంలో 1912లో మరో చట్టం వచ్చింది. ఈ చట్టాల ప్రకారం వీధిలో తిరిగే రోగిని ముందుగా పట్టుకునేది పోలీసు, ఉత్తర్వు ఇచ్చేది న్యాయాధికారి. వైద్యుని ధ్రువపత్రం ఆ ఉత్తర్వుకు అనుబంధం. అంటే పిచ్చి ఆసుపత్రి కంటే ముందు కచేరీకి చేరింది.

19వ శతాబ్ది చివరినాటికి మద్రాసు రాజధానిలో ఇటువంటి కేంద్రాలు మద్రాసు, విశాఖపట్నం, కాలికట్ నగరాలలో ఉండేవి. మద్రాసులో 1794లోనే మొదలైన సంస్థ 1871లో కీల్పాక్‌కు చేరింది. దత్తమండలాలలో ఒక్కటీ లేదు. కనుక సీమ రోగికి రెండే దారులు: ఊరిలోనే దేవళాలు, దర్గాలు, మంత్రగాళ్ల చుట్టూ తిరగడం, లేదా ఇంటికి వందల కిలోమీటర్ల దూరంలో నిర్బంధంలో ఉండడం. రెండు చోట్లా జ్వరం, మూర్ఛ, రక్తహీనత, చర్మవ్యాధి వంటి లక్షణాలను ఉన్మాదంతో కలిపి చూసే అవకాశం బహుస్వల్పం.

1956లో కర్నూలు వైద్య కళాశాల ఏర్పడడంతో ఈ పరిస్థితి మారడం మొదలైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ సీమ ప్రజలకు పెద్ద దిక్కయింది. 2006లో కడపలో రిమ్స్ వచ్చింది. 1912 నాటి చట్టాన్ని తొలగించి 1987లోనూ, దానిని తొలగించి 2017లోనూ కొత్త చట్టాలు వచ్చాయి. అయినా ‘పిచ్చాసుపత్రి’ అనే మాటకు సమాజంలో ఉన్న భయం ఆ పాత కచేరీ చరిత్ర నుంచి వచ్చిందే.

4. బొడ్డుచుట్టు సూదులు

ఆటోఇమ్యూన్ ప్రక్రియ మెదడును దెబ్బతీయగలదనే తొలి ఆధారాలు పిచ్చికుక్క కాటు వైద్యం నుంచే వచ్చాయి. ఈ కథలో దక్షిణ భారతానికి నేరుగా భాగముంది.

1885లో లూయీ పాశ్చర్ కుందేలు వెన్నుపాము నుంచి తయారుచేసిన టీకాను కుక్కకాటుకు గురైన బాలునికి ఇచ్చి విజయం సాధించాడు. దక్షిణ భారతానికి ఈ చికిత్స 1907లో నీలగిరులలోని కూనూరులో పాశ్చర్ సంస్థ ఏర్పడడంతో అందింది. అప్పుడు కడప, కర్నూలు ప్రాంతాలవారు ఆ చికిత్స కోరితే కొండలెక్కి కూనూరు వెళ్లవలసిందే. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ కొత్త పద్ధతి కనిపెట్టాడు. రేబిస్ సోకిన గొర్రె మెదడును తీసి, ఫినాల్‌తో వైరస్‌ను చంపి టీకా తయారుచేశాడు. దానిని సీసాలలో దూరప్రాంతాలకు పంపవచ్చు. దీనితో జిల్లా ఆసుపత్రులలోనే చికిత్స సాధ్యమైంది. పల్లెల్లో నేటికీ పెద్దలు చెప్పుకునే ‘బొడ్డుచుట్టు పద్నాలుగు సూదులు’ ఇవే.

ఈ టీకా అసంఖ్యాకుల ప్రాణాలు కాపాడింది. అదే సమయంలో కొందరిలో సూదులు మొదలైన కొద్ది రోజులకో వారాలకో జ్వరం, తలనొప్పి, కాళ్లు పడిపోవడం, కొన్ని సందర్భాలలో స్పృహ మారిపోవడం, అయోమయం, ప్రవర్తనలో తేడా కనిపించాయి. టీకాలోని వైరస్ చచ్చినదే. మరి వ్యాధి ఎక్కడి నుంచి వచ్చింది? 1930లలో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ బృందం ఏ వైరస్సూ లేని మెదడు ద్రవ్యాన్ని కోతులకు పదేపదే ఎక్కించింది. వాటికీ మెదడు వాపు వచ్చింది. గొర్రె మెదడులోని నరాల పొర పదార్థాన్ని శత్రువుగా గుర్తించిన దేహం, అదే పోలికలో ఉన్న తన నరాలపై దాడి చేస్తున్నదని క్రమంగా తేలింది. 1980లలో సెంపుల్ టీకా వల్ల జబ్బుపడినవారి రక్తంలో, నరాల పొరలోని ప్రొటీనుకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. మెదడు కణజాలంతో చేసే టీకాలను మానుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూ వచ్చినా భారతదేశంలో 2004 చివరివరకు వీటి ఉత్పత్తి సాగింది.

మౌఖిక చరిత్ర సేకరించేవారికి ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ‘సూదులు వేయించినా పిచ్చెక్కి పోయినాడు’ అనే కథనం ఎదురైనప్పుడు దానికి కనీసం రెండు అర్థాలున్నాయి. సూదులు ఆలస్యమై రేబిస్ వచ్చి ఉండవచ్చు. రేబిస్ రాకుండానే టీకా వల్ల మెదడు వాపు వచ్చి ఉండవచ్చు. కాటుకూ సూదికీ మధ్య, సూదికీ లక్షణాలకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయి, నీళ్లంటే భయం కనిపించిందా, ముందుగా కాళ్లు పడిపోయాయా అని అడిగి రాసుకుంటే తప్ప ఆ రెండింటినీ వేరుచేయలేము. పిచ్చి అనే ఒక్క మాట ఆ తేడాను కప్పివేస్తుంది.

5. ప్రతిరక్షణకూ ఉన్మాదానికీ ఉన్న బంధం

దేహం తనపై తాను విషం చిమ్ముకోవడాన్ని ప్రకృతి సహించదని 20వ శతాబ్ది ఆరంభంలో పాల్ ఎర్లిఖ్ భావించాడు. ఆ మాట ప్రభావం చాలాకాలం నిలిచింది. 1956లో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్ల థైరాయిడ్ గ్రంథిపై చేసిన ప్రయోగాలు ఆ నమ్మకాన్ని తొలగించాయి. లూపస్ అనే ఆటోఇమ్యూన్ వ్యాధిలో చర్మం, కీళ్లు, మూత్రపిండాలతో పాటు మెదడు కూడా దెబ్బతిని భ్రమలు, భ్రాంతులు కలుగుతాయని వైద్యులకు అప్పటికే తెలుసు. స్కిజోఫ్రీనియా మొత్తానికి ఇటువంటి కారణమే ఉందని నిరూపించే తొందరపాటు ప్రయత్నాలూ జరిగాయి. 1950, 60 దశకాలలో అమెరికాలో రాబర్ట్ హీత్ అటువంటి పదార్థాన్ని రోగుల రక్తంలో కనుగొన్నానని ప్రకటించాడు. ఇతరులు ఆ ఫలితాన్ని మళ్లీ రాబట్టలేకపోయారు. దానితో ఆ మార్గం మీదనే కొంతకాలం అపనమ్మకం ఏర్పడింది.

డెన్మార్క్ జాతీయ ఆరోగ్య రికార్డులు ఈ ప్రశ్నను తిరిగి ముందుకు తెచ్చాయి. 2006లో విలియం ఈటన్ బృందం 7,704 మంది స్కిజోఫ్రీనియా రోగుల వివరాలను పరిశీలించింది. ఆటోఇమ్యూన్ వ్యాధి చరిత్ర ఉన్నవారిలో స్కిజోఫ్రీనియా ముప్పు సుమారు 45 శాతం ఎక్కువని తేల్చింది. 2011లో మైకేల్ బెన్రోస్ బృందం మరింత విస్తృతమైన సమాచారంతో ఆ పెరుగుదలను 29 శాతంగా లెక్కించింది. ఆటోఇమ్యూన్ వ్యాధితో పాటు ఆసుపత్రిలో చేరవలసినంత అంటువ్యాధి కూడా వచ్చినవారిలో ముప్పు రెండింతలు దాటింది. దీనికి భిన్నంగా కీళ్లవాతం ఉన్నవారిలో స్కిజోఫ్రీనియా తక్కువగా కనిపిస్తుందన్న పరిశీలన 1930ల నుంచీ ఉంది. కనుక ఈ బంధం ఒకే దిశలో సాగే సరళమైన బంధం కాదు. ముప్పు పెరిగినా ఆటోఇమ్యూన్ రోగులలో అత్యధికులకు ఉన్మాదం రాదు. ఉన్మాద రోగులలో అత్యధికులకు ఇది కారణమూ కాదు.

2007లో జోసెప్ దల్మావు బృందం వర్ణించిన వ్యాధి చరిత్రకారులకు మరింత ముఖ్యమైనది. మెదడులోని ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకాలపై ప్రతిరక్షకాలు దాడి చేయడం వల్ల వచ్చే మెదడు వాపు ఇది. బాధితులలో యువతులు ఎక్కువ. కొందరిలో అండాశయపు గడ్డ దీనికి మూలం. కొద్దిరోజుల జ్వరం, తలనొప్పి తరువాత ఉన్నట్టుండి భయం, వింత మాటలు, లేని గొంతులు వినిపించడం మొదలవుతాయి. ఆ తరువాత మూర్ఛలు, నోరు, చేతులు తమంతట తామే కదలడం, మాట పడిపోవడం, కొయ్యబారిపోవడం కనిపిస్తాయి. 577 మంది రోగులపై 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండేళ్లపాటు గమనించగలిగిన 252 మందిలో 81 శాతం మంది బాగా కోలుకున్నారు. స్టెరాయిడ్లు, రక్తద్రవ మార్పిడి, గడ్డ ఉంటే తొలగింపు దీనికి చికిత్సలు. ఎంత త్వరగా మొదలుపెడితే ఫలితం అంత మెరుగు.

ఈ లక్షణాల పట్టికను మన పల్లెల వర్ణనతో పోల్చి చూడాలి. ఆరోగ్యంగా తిరుగుతున్న పెళ్లీడు పిల్లకో, కొత్త కోడలికో నాలుగు రోజుల జ్వరం తరువాత వికారపు చూపు, పలవరింత, ఒళ్లు విరుచుకోవడం కనిపిస్తే ‘గాలి సోకింది’ అనే తీర్పు వెలువడడానికి ఆలస్యం ఉండదు. అత్తింటి బాధలు పడలేక నటిస్తున్నదని కొందరు అంటారు. ఆటోఇమ్యూన్ వ్యాధులు మొత్తంమీద స్త్రీలలోనే ఎక్కువ కనుక ఈ తప్పు తీర్పుల భారం కూడా స్త్రీల మీదనే ఎక్కువగా పడి ఉంటుందని ఊహించడం సమంజసం. ఊరి జ్ఞాపకాలలోని ప్రతి పూనకాన్నీ ఈ వ్యాధిగా మార్చి చదవకూడదు. పూనకానికి సందర్భం, ఆరంభం, ముగింపు ఉంటాయి. ఆ తరువాత మనిషి మామూలు పనులలో పడుతుంది. జ్వరంతో మొదలై వారాల తరబడి దిగజారే స్థితి వేరు. ఈ తేడాను గుర్తించడం జానపద పరిశోధకుని పనిలో భాగం కావాలి.

6. ఆహారం, రక్తం, మనసు

తెలుగు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) కృషి ఈ చరిత్రలో రెండు చోట్ల తగులుతుంది. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్న ఆయన హార్వర్డులో పెర్నీషియస్ రక్తహీనతకు కాలేయసారంతో చేసే చికిత్సపై పనిచేశారు. జీర్ణాశయ కణాలపై దేహమే దాడి చేయడం వల్ల బి12 విటమిన్ ఒంటబట్టక వచ్చే ఆటోఇమ్యూన్ వ్యాధి అది. అందులో రక్తహీనతతో పాటు నరాల బలహీనత, మతిమరుపు, కొందరిలో స్పష్టమైన ఉన్మాదం కనిపిస్తాయి. లెడర్లీ సంస్థలో ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే ఈ రోగుల రక్తం బాగుపడుతుంది గాని నరాల నష్టం ఆగదని త్వరలోనే వెల్లడైంది. ఆ బృందం కృషి నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్ నేడు ఆటోఇమ్యూన్ కీళ్లవాతానికి ప్రధాన ఔషధాలలో ఒకటి.

ఆహారం వైపు నుంచి చూస్తే సీమకు ప్రత్యేకమైన చర్చ ఒకటుంది. 1966లో అమెరికా వైద్యుడు ఎఫ్.సి.డోహన్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గోధుమ కొరత ఏర్పడిన దేశాలలో స్కిజోఫ్రీనియాతో ఆసుపత్రులలో చేరిన స్త్రీల సంఖ్య తగ్గిందని చూపాడు. గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగులలో వచ్చే సీలియాక్ అనే ఆటోఇమ్యూన్ వ్యాధితో దీనిని ముడిపెట్టాడు. కర్నూలు, కడప మెట్టభూముల పాత ఆహారం జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంకటి. వీటిలో గ్లూటెన్ లేదు. వరి, చిరుధాన్యాలు తినే మద్రాసు రాజధానిలో మూడు నగరాలలో పిచ్చాసుపత్రులు నడిచాయంటే గోధుమ లేకుండానే ఉన్మాదం ఉందన్నమాట. కనుక డోహన్ వాదాన్ని అందరికీ వర్తింపజేయలేము. సీలియాక్ ఉన్న కొందరి వరకే అది పరిశీలనకు నిలుస్తుంది.

పైగా జొన్నకు తన కథ తనకుంది. కూనూరు పాశ్చర్ సంస్థలోనే 1918లో ఒక గదిలో మొదలైన పోషకాహార పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంటయ్య 1960లో దక్కన్ జొన్న తినే పేదలలో పెల్లాగ్రా వ్యాధిని గురించి రాశారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబారి పొట్టు లేవడం, విరేచనాలు, మతి చెదరడం దీని లక్షణాలు. జొన్నలో లూసిన్ పాలు ఎక్కువ కావడం దీనికి తోడ్పడుతున్నదని వారు ప్రతిపాదించారు. ఆ వివరణ తరువాత చర్చకు గురయింది. నియాసిన్ విటమిన్ ఇస్తే మతి కుదుటపడుతుందన్న విషయంలో మాత్రం సందేహం లేదు. పెల్లాగ్రా ఆటోఇమ్యూన్ వ్యాధి కాదు. అయినా మెడ మీది చర్మాన్ని చూడని వైద్యుడు విటమిన్‌తో నయమయ్యే మనిషిని పిచ్చివాడిగా నమోదు చేస్తాడనే పాఠం రెండింటికీ ఒక్కటే. కరువు ఏళ్లలో సీమలో మతిచలించిన వారి ప్రస్తావన దొరికినప్పుడు, ఆ ఇంట్లో ఆ ఏడు ఏం తిన్నారన్న ప్రశ్న కూడా వేయాలి.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగు వాడుకలో పిచ్చి, వెర్రి, తిక్క, గాలి అనేవి లక్షణాల పేర్లు. వాటిని రోగనిర్ణయంగా చదవడం చారిత్రక దోషం. రెండవది, మనసును దేహం నుంచి వేరుచేసి వేరొక గోడలోపల పెట్టినది 19వ శతాబ్ది పాలన అవసరం. 2023లో కడప రిమ్స్ ఆవరణలోనే మానసిక వైద్యశాల ప్రారంభం కావడం ఆ గోడ పలచబడుతున్నదనడానికి ఒక సూచన. ఒకే ఆవరణలో నరాల వైద్యుడు, మనోవైద్యుడు, రక్తపరీక్ష అందుబాటులో ఉంటే నయమయ్యే రోగి గుర్తింపు పొందే అవకాశం పెరుగుతుంది. మూడవది, సీమ పల్లెల్లో యాభై, అరవై ఏళ్లు దాటినవారి జ్ఞాపకాలలో కుక్కకాటు సూదుల గురించి, కరువు తిండి గురించి, జ్వరం తరువాత మతితప్పిన వారి గురించి విలువైన సమాచారం ఉంది. భాషాసాహిత్య శాఖల పరిశోధకులు వైద్య కళాశాలల సహకారంతో దానిని లక్షణాల క్రమంలో, కాలక్రమంలో సేకరించాలి. ఆ తరం వెళ్లిపోతే ఆ మనుషుల గురించి మిగిలేది ‘పిచ్చిది’, ‘తిక్కోడు’ అనే మాటలే. వారికి వచ్చిన జబ్బు ఏమిటన్నది ఇక ఎవరూ అడగలేరు.